మోకాలి కోణం

నలభై ఆరేళ్ళ వయసులో నేను సైకిలు కొన్నాను. తిరుపతిలో కొని, లగేజీ ఆటోలో పాకాల దాకా తెచ్చుకున్నాను. దారి పొడవునా వెనక్కి తిరిగి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆకాశం రంగు సైకిలు. ముందు బుట్ట, వెనక చక్రానికి ఏడు గేర్లు. మా వారు డ్రైవరు పక్కన కూర్చుని, తనకేమీ సంబంధం లేనట్టు ఫోను చూసుకుంటున్నారు.

ఇంటి ముందు దించుతుంటే మా అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. గడప దాటాలంటే ముందు తలుపు పట్టుకోవాలి, తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి.

"ఎవురికమ్మే ఈ సైకిలు?"

"నాకే అత్తా."

ఆమె నన్ను చూసింది, సైకిల్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "నా మోకాళ్ళు సూసినాక కూడా నీకు బుద్ధి రాలేదా? దేవుడు ఇచ్చిందే రెండు. వాటిని యాడ పారేసుకుందామా అని తిరగతా ఉండావే!"

నేను లెక్కల టీచరుని. మా బడి పాకాల నుంచి ఐరాల వైపు పోయే దారిలో, తొమ్మిది కిలోమీటర్ల అవతలి పల్లెలో ఉంది. ఏళ్ళ తరబడి పొద్దున బస్సులో పోయేదాన్ని. ఆ జూన్‌లో బస్సు వేళ మారింది. బడి గంట కొట్టాక గానీ అది ఆ ఊరు చేరదు. ఇక మిగిలింది షేర్ ఆటో. డ్రైవరు పక్కన అర సీటు మీద, ఒక కాలు లోపల, ఒక కాలు గాలిలో పెట్టుకుని వారం రోజులు పోయాను. ఆ వారం చివర్లో ఒకరోజు మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలుగురు సైకిళ్ళ మీద మా ఆటో పక్కనుంచి పోతూ "గుడ్ మార్నింగ్ మేడం!" అని అరిచారు. ఆటో ప్రతి మలుపు దగ్గరా ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటూ పోయేసరికి ఆ పిల్లలు బడిలో సైకిళ్ళు పెట్టి, ముఖాలు కడుక్కుని, లైన్లో నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రమే మా వారితో చెప్పాను, సైకిలు కావాలని.

"టెన్తు దాకా తొక్కినాను కదా" అన్నాను.

"టెన్తు పాసై ముప్పై ఏండ్లయింది" అన్నారాయన. లెక్క తప్పేమీ కాదు. అయినా కొన్నాం.

ఆ మొదటి రోజులు! పొద్దున ఏడున్నరకి చుడీదారు వేసుకుని, చీర మడిచి బుట్టలో పెట్టుకుని బయల్దేరేదాన్ని. బడి చేరాక స్టాఫు రూములో చీర కట్టుకునేదాన్ని. తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలకి పోతుంటే ఆ వాసన రోడ్డంతా పరుచుకునేది. బస్సులో పోయిన ఇన్నేళ్ళలో ఆ వాసన నాకు ఒక్కసారి కూడా పూర్తిగా తగల్లేదు. చెరుకు తోటల పక్కన గాలి చల్లగా, రాళ్ళ గుట్ట దగ్గర వెచ్చగా ఉంటుందని చర్మానికి తెలిసింది. పల్లం వస్తే కాళ్ళు ఆపేసి, చున్నీ మెడకు చుట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని జారిపోయేదాన్ని. బడిలో పాఠం చెబుతున్నా నా కాళ్ళు లోపల్లోపల తిరుగుతూనే ఉండేవి. ఎప్పుడు నాలుగవుతుందా అని గడియారం చూసేది పిల్లలు కాదు, నేను.

నాలుగో వారంలో మోకాలు మొదలైంది.

ముందు కుడి మోకాలు. చిప్ప కింద, ముందు వైపు, ఎవరో వేలితో ఒత్తి పట్టుకున్నట్టు ఉండేది. బడి మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడే కలుక్కుమనేది. తర్వాత ఎడమది కూడా దానికి తోడైంది. రెండు పీరియడ్లు వరసగా నిలబడి, కుర్చీలో కూర్చుని లేవబోతే బల్ల పట్టుకోవాల్సి వచ్చేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఊరంతటికీ నేను సైకిలు గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నానో నాకే తెలుసు కదా. స్నానాల గదిలో తలుపు వేసుకుని నొప్పి నూనె రాసుకునేదాన్ని. కానీ ఆ నూనె వాసనకి తలుపులేం అడ్డం? ఒకరోజు మా అత్త భోజనం దగ్గర తలెత్తకుండానే, "నా సీసాలో నూనె ఎట్ల తగ్గతా ఉండాదో నాకు తెల్సులే" అంది.

నొప్పిని మించి బాధపెట్టింది ఇంకొకటి. ఈ సంతోషం నా వయసుకి తగింది కాదేమో, దీన్ని వదులుకోవాలేమో అన్న ఆలోచన. ఒక రాత్రి నిద్రపోయే ముందు, సైకిల్ని ఎవరికి ఇచ్చేయాలా అని కూడా అనుకున్నాను.

మరుసటి రోజు సాయంత్రం బడి నుంచి తిరిగి వస్తున్నాను. మా దారిలో ఒక మిట్ట ఉంది. చూడటానికి పెద్దగా అనిపించదు, ఎక్కేటప్పుడు మాత్రం అంతు ఉండదు. సగంలో కుడి మోకాలు సూది గుచ్చినట్టు పోటెత్తింది. దిగి సైకిల్ని తోసుకుంటూ నడుస్తున్నాను. వెనక నుంచి ఒక నల్ల సైకిలు వచ్చింది. దాని మీద తెల్ల పంచె, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన. వెనక క్యారియర్ మీద పచ్చిగడ్డి మోపు. సీటు మీది నుంచి లేవకుండా, ఊగకుండా, ఆయాసపడకుండా, నిమ్మళంగా నన్ను దాటి పోయాడు. మిట్ట ఎక్కాక చింతమాను కింద ఆగి నా కోసం ఎదురు చూశాడు.

"టీచరమ్మా, ఒక మాట చెప్తే ఏమనుకోవు కదా? నెలనాళ్ళుగా నిన్ను సూస్తా ఉండా. నువ్వు తొక్కతా ఉంటే నీ మోకాళ్ళు చెవులకి తగిలేట్టు ఉండాయి."

నాకు కోపం వచ్చింది. అంతలోనే ఆ దృశ్యం కళ్ళ ముందు కనబడి నవ్వూ వచ్చింది.

"నొప్పి ఉండాదా?" అని అడిగాడు.

అప్పటిదాకా ఎవరికీ ఒప్పుకోనిదాన్ని, దారిలో పోయే మనిషికి ఒప్పుకున్నాను. "శానా ఉండాది" అన్నాను.

"ముందరా, వెనకనా?"

"ముందర. చిప్ప కింద."

"అంటే సీటు కిందికుండాదని అర్థం" అన్నాడు, జ్వరం చూసి మందు చెప్పే డాక్టరులా.

ఆయన ఎవరో అప్పుడు తెలిసింది. రిటైరైన పోస్టుమాను. పాకాల నుంచి ఐరాల వైపు పల్లెలన్నిటికీ ముప్పై ఏళ్ళకు పైగా సైకిలు మీదే ఉత్తరాలు, మనియార్డర్లు మోశాడు. డెబ్భై దాటాయి. ఇప్పుడు రోజూ మా దారిలోనే తన పొలానికి పోయి, ఆవుకు గడ్డి కోసుకుని వస్తాడు.

నన్ను చింతమానుకి ఒక చెయ్యి ఆనించి సైకిలెక్కి కూర్చోమన్నాడు. పెడలు ఒకటి పూర్తిగా కిందికి తెమ్మన్నాడు.

"ఇప్పుడు పాదం ముందు భాగం కాదు, మడమ పెట్టు పెడలు మీద. కాలు తిన్నంగా సాగిందా?"

ఎక్కడ సాగింది! మోకాలు ఇంకా వంగే ఉంది. కుర్చీలో కూర్చున్నట్టుంది.

"సూసినావా? మడమ పెడితే కాలు కర్రలాగా తిన్నంగా ఉండాల. అప్పుడు తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడితే, మోకాలు రవ్వంత వంగతాది. ఆ రవ్వంత సాలు. ఇంత వంచి తొక్కితే చిప్ప అరిగిపోదా తల్లీ?"

అంగట్లో సైకిలిచ్చేటప్పుడు, రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేట్టు సీటు దించి ఇచ్చారు. నేనూ అదే భద్రం అనుకున్నాను. పడిపోతానన్న భయం అలాంటిది. ఆ భయం మొత్తాన్నీ మోకాళ్ళు మోస్తున్నాయన్నమాట!

ఆయన హ్యాండిలుకు తగిలించిన సంచిలోంచి స్పానరు తీశాడు. సీటు నాలుగు వేళ్ళ మేర పైకి లేపి బిగించాడు. ఎక్కి కూర్చుంటే ప్రపంచం కొంచెం కిందికి పోయినట్టనిపించింది. కాళ్ళు నేలకి అందక మళ్ళీ చింతమానునే పట్టుకున్నాను.

"ఆగేటప్పుడు సీటు మీదనే కూసోవద్దు. ముందరికి జారి, ఒక కాలు కింద పెట్టు. అంతే. ఇంకొకటి. తొక్కొద్దు, తిప్పు."

"తిప్పేదంటే?"

"అడుసు తొక్కినట్టు తొక్కతా ఉండావు. తిరగలి తిప్పినట్టు తిప్పాల. కాళ్ళకి బరువు తెల్వకూడదు. బిన్నా, వడిగా పోవాలని బలం పెట్టేది కాదు. సులువుగా తిప్పితే అదే పోతాది."

ఇంటికి ఇంకా మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లు నేను తొక్కలేదు, తిప్పాను. నొప్పి ఒక్కసారిగా మాయమైపోయిందంటే అబద్ధం. కానీ ఆ సూదిపోటు లేదు. గాలి కూడా కొత్త ఎత్తులో తగులుతోంది. ఇల్లు చేరగానే చెప్పులు కూడా విప్పకుండా, "అత్తా! తప్పు నా మోకాళ్ళది కాదు! సీటుది!" అని కేకేశాను.

మరుసటి రోజు బడి నుంచి బ్లాక్‌బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని ఇంటికి తెచ్చాను. ఇన్నేళ్ళుగా పిల్లలకి కోణాలు చెబుతున్నాను, నాతో పాటు తిరిగే కోణాన్ని ఒక్కసారి కొలవలేదు. గోడకి ఆనుకుని సైకిలెక్కి, పెడలు కిందికి తెచ్చి, కోణమానినిని మా అత్త చేతికిచ్చాను.

"నా మోకాలి పక్కన పెట్టు అత్తా. మధ్య చుక్క కీలు మీదికి రావాల. ఒక అంచు తొడ వైపు. పిక్క వైపు ఎంత వచ్చిందో చెప్పు."

"అంకెలు చీమల బారు మాదిరి ఉండాయి. నాకేం కనపడతాది!"

మా వారు రైలు దిగి తిరుపతి ఆఫీసు నుంచి అప్పుడే వచ్చారు. పెళ్ళాం గోడ మీద చెయ్యేసి సైకిలెక్కి కూర్చుంది, అమ్మ ఆమె మోకాలికి చెక్క అర్ధచంద్రం పట్టుకుని ఉంది. ఏమీ అడగకుండా చేతిసంచి కింద పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, వంగి చూసి, "నూట నలభై" అన్నారు. తర్వాత సీటు పాత గుర్తుకి దించి చూస్తే నూట పది! ముప్పై డిగ్రీలు. ఆ ముప్పై డిగ్రీల కోసం నేను సైకిల్నే వదులుకోబోయాను.

ఇక్కడితో కథ సుఖాంతం కావాల్సింది. నా ఉత్సాహం నన్ను ఊరుకోనివ్వలేదు. నూట నలభైకే ఇంత హాయిగా ఉంటే నూట అరవై ఐదుకి ఎంత బాగుంటుందో అని, ఎవరికీ చెప్పకుండా సీటు ఇంకో రెండు వేళ్ళు లేపాను. నా లెక్క ప్రకారం ఎత్తు పెరిగే కొద్దీ సుఖం పెరగాలి. వారం తిరక్కుండా ఈసారి మోకాలి వెనక వైపు నరం పట్టి లాగడం మొదలుపెట్టింది. పెడలు అందుకోవడానికి నడుము అటూ ఇటూ ఊగేది. దానికి తోడు సైకిలు ఏడో గేరులోనే ఉంచి తొక్కేదాన్ని. పెద్ద అంకె అంటే పెద్ద వేగమనే నమ్మకం.

సరిగ్గా అప్పుడే మా అత్తను చిత్తూరులో ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. అత్తను చూపించాక, గొంతు తగ్గించి, "నాక్కూడా కొంచెం..." అన్నాను. మా అత్త గట్టిగా, "అవునమ్మా, మా కోడల్ని కూడా సూడు. నాకు వయసొచ్చి నొప్పి, ఈమెకి కొవ్వెక్కి నొప్పి" అంది.

డాక్టరమ్మ నవ్వి నన్ను బల్ల మీద పడుకోబెట్టి మోకాలు వంచి, సాచి, నొక్కి చూసింది. తను చెప్పింది నాకు ఇప్పటికీ పాఠంలా గుర్తుంది. ముందు నొప్పంటే సీటు తక్కువ, వెనక నొప్పంటే సీటు ఎక్కువ అని చాలాసార్లు అనుకోవచ్చట. బరువు గేరులో నెమ్మదిగా, బలంగా తొక్కడం కన్నా తేలిక గేరులో వేగంగా తిప్పడం మోకాళ్ళకి మేలట. మొదటి పది నిమిషాలు కాళ్ళు వేడెక్కే దాకా మరీ తేలిగ్గా పోవాలట.

"ముప్పై ఏళ్ళ తర్వాత మొదలుపెట్టి, మొదటి రోజు నుంచే పద్దెనిమిది కిలోమీటర్లా?" అని అడిగింది. "గుండె, ఊపిరితిత్తులు తొందరగా అలవాటు పడతాయి మేడం. కీళ్ళు నిదానం. వాటి కోసం మీరు ఆగాలి."

ఆ మాట నన్ను పట్టుకుంది. నా ఉత్సాహం ముందు పరుగెడుతుంటే, నా మోకాళ్ళు వెనక ఆయాసపడుతూ వస్తున్నాయి.

"వారం పది రోజులు సైకిలు సగం దూరమే. మిగతా సగం బస్సో ఆటోనో. తొడ కండరాలు గట్టిపడాలి, అవే మోకాలిని మోస్తాయి" అని ఒక కసరత్తు చూపించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, నెమ్మదిగా కూర్చోవడం. మా అత్తకి కూడా అదే చెప్పింది, ఎత్తు కుర్చీతో, పక్కన మనిషిని పెట్టుకుని. వాపు వచ్చినా, కాలు మడత పడిపోయినట్టనిపించినా ఇంట్లో వైద్యం చేసుకోకుండా వెంటనే రమ్మని ఇద్దరికీ గట్టిగా చెప్పింది.

ఇంట్లో పోటీ మొదలైంది. పొద్దునా సాయంత్రం వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా. నేను పది సార్లు లేస్తే అత్త నాలుగు సార్లు లేచేది. "నా నాలుగు నీ నలభైతో సమానం" అనేది. అది లెక్కల ప్రకారం కూడా నిజమే అనిపించేది. సీటు ఒక వేలు దించాను. కోణమానినితో మళ్ళీ చూస్తే నూట యాభై దగ్గర నిలిచింది. నా కాలికి అదే సుఖం. సగం దారి దాకా సైకిలు తొక్కి, అక్కడ పోస్టుమాను పెద్దాయన పొలంలో, మోటారు షెడ్డులో పెట్టి ఆటో ఎక్కేదాన్ని. సాయంత్రం మళ్ళీ అక్కడ దిగేదాన్ని. మూడో వారానికి మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం మర్చిపోయాను. మర్చిపోయానని సగం మెట్ల మీద గుర్తొచ్చి, అక్కడే ఆగి, మళ్ళీ పైకెక్కి, మళ్ళీ దిగాను. ఏమీ లేదు! చేతిలో చాక్‌పీసు డబ్బాతో నేను మెట్ల మీద ఎక్కి దిగుతుంటే సైన్సు టీచరు కింద నుంచి వింతగా చూసింది.

ఆ తర్వాతే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. బడి షెడ్డులో పాతిక దాకా ఆడపిల్లల సైకిళ్ళు ఉంటాయి. ఒక మధ్యాహ్నం వాటి మధ్య నుంచి పోతూ గమనించాను. ఒక్కదానికీ సీటు పైకి లేదు. అన్నీ పైపులో అడుగు దాకా దిగబడి ఉన్నాయి. ఆరో తరగతిలో కొన్న సైకిలు, తొమ్మిదో తరగతిలో కూడా ఆరో తరగతి ఎత్తులోనే ఉంది. పిల్ల జానెడు పెరిగింది, సీటు పెరగలేదు.

ఆటోలో పోతున్న నాకు "గుడ్ మార్నింగ్" చెప్పిన పిల్లల్లో పొడుగ్గా ఉండే అమ్మాయిని పిలిచి, మోకాళ్ళు నొప్పి పుడతాయా అని అడిగాను.

"పుడతాయి మేడం. మాయమ్మకి చెప్తే, ఎదిగే వయసులో అట్లే ఉంటాది అనింది."

"ముందరా, వెనకనా?"

"ముందర."

ఆ సాయంత్రం పొలం దగ్గర పెద్దాయనతో అన్నాను. "తాతా, మీరు ఒకరోజు మా బడికి రావాల. నాకు చెప్పింది పిల్లకాయలకి చెప్పాల."

ఆయన కొడవలి కింద పెట్టి నన్నే చూశాడు. "నేనా? బడికా? నేను ఏడో తరగతితో సాలించినోడిని తల్లీ."

"సైకిలు మీద మీరు శానా పెద్ద చదువు చదివినారు."

ఆయన గడ్డి మోపు కట్టుకుంటూ చెప్పాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇట్లే మోకాళ్ళు పట్టుకున్నాయి. వదిలేస్తా ఈ పని అని మా నాయనతో చెప్పేసినా. ఐరాల్లో సైకిలంగడి ఆయప్ప ఒకడు మడమ పెట్టి సూడప్పా అని నేర్పించినాడు. ఆ ఒక్క మాటతో నా సంసారం నిలబడింది. తరవాత ఇన్నేండ్లు తొక్కినా, నువ్వు ఎట్ల తొక్కతావని నన్ను ఒక్కరూ అడగలేదు."

శనివారం ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన పంచె, చొక్కా జేబులో పెన్ను. పిల్లల ముందు నిలబడి ఆ పెన్నునే సర్దుకుంటూ ఉండిపోయాడు. నా వైపు చూశాడు. నేను నల్ల సైకిల్ని ఆయన పక్కకి తెచ్చి నిలబెట్టాను. దాని సీటు మీద చెయ్యి వెయ్యగానే మాట వచ్చింది.

ఆ మధ్యాహ్నం మా బడి ఆవరణ ఒక పెద్ద సైకిలంగడి అయింది. తుప్పు పట్టి కదలని సీటు పైపులకి కొబ్బరి నూనె పోశాం, కిరసనాయిలు పోశాం. ఇద్దరు పట్టుకుంటే ముగ్గురు తిప్పారు. ఒక్కో సీటు కిర్రుమని పైకి లేచినప్పుడల్లా పిల్లలు చప్పట్లు! పైపు మీద గీసి ఉన్న హద్దు దాటి లేపకూడదని పెద్దాయన ప్రతి ఒక్కరికీ చూపించాడు. నేను కోణమానిని పట్టుకుని వరసగా కొలుస్తుంటే, ఏడో తరగతి పిల్లలు పుస్తకంలో పట్టిక వేసి రాసుకున్నారు. అంతకు ముందు అధిక కోణం అంటే తలలు గోక్కునే పిల్ల, "నాది నూట నలభై ఎనిమిది మేడం, నాది నూట నలభై ఎనిమిది!" అని గంతులేసింది. సీటెత్తాక నేల అందక భయపడిన వాళ్ళని మైదానంలో తిప్పాం. ముందుకి జారి ఒక కాలు దించడం నేర్పించాం. ఒకమ్మాయి పడింది, లేచింది, మట్టి దులుపుకుని మళ్ళీ ఎక్కింది. సాయంత్రం వాళ్ళు గుంపుగా గేటు దాటిపోతుంటే, అందరూ ఒక్క రోజులో పెద్దవాళ్ళయిపోయినట్టు, నిటారుగా, పొడుగ్గా కనబడ్డారు. పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటో మరొకటో నేను అడగలేదు.

వానలు తగ్గాక దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చాను. ఒక ఆదివారం పదిహేను, రెండు వారాలయ్యాక ఇరవై, తర్వాత ఐరాల దాకా పోయి రావడం. మామిడి పూత మొదలైన రోజుల్లో, ఒక సాయంత్రం మిట్ట మీద పెద్దాయన, "తిరపతికి పోదామా?" అన్నాడు, పక్క వీధికి పోదామా అన్నట్టు.

నలభై కిలోమీటర్లకు పైమాట. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు, భయంతో కాదు.

ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరాం. మంచు ఇంకా విడవలేదు. మొదటి అరగంట ఆయన నన్ను ముందుకి పోనివ్వలేదు. "కాళ్ళు ఇంకా నిద్ర లేయలేదు, నిమ్మళంగా" అన్నాడు. నేను రెండో గేరులో, ఆయన గేర్లు లేని తన నల్ల సైకిలు మీద. మామిడి తోటలు మొదలయ్యాక ఎండ వచ్చింది. పూత వాసనకి తల తిరిగేంత మత్తు. పెద్ద రోడ్డు మీద లారీలు హోరుమని పోతుంటే అంచునే, ఒకరి వెనక ఒకరం. ప్రతి అరగంటకీ దిగి నీళ్ళు తాగి, కాళ్ళు సాచుకుని, మళ్ళీ ఎక్కాం. మిట్ట వస్తే గేరు దించి తిప్పడం. పల్లంలో నేను కాళ్ళు ఆపేస్తే, వెనక నుంచి కేక, "ఆపొద్దు, ఊరికే అయినా తిప్పతా ఉండు, మోకాళ్ళు సల్లబడతాయి!"

చంద్రగిరి దాటాక ఒక మలుపు తిరిగేసరికి తిరుమల కొండలు మొత్తం ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడ్డాయి. బస్సు కిటికీలోంచి వందలసార్లు చూసిన కొండలే. ఈసారి నా కాళ్ళతో తిప్పుకుంటూ వాటి దగ్గరికి వచ్చాను. "తాతా! కొండ!" అని అరిచాను. ఆయన ఒక చెయ్యి హ్యాండిలు మీది నుంచి తీసి గుండెకి ఆనించి దండం పెట్టుకున్నాడు. నేను ఏడ్చానో నవ్వానో తెలియదు. ముఖమంతా తడిగా ఉంది, గాలికి చల్లగా తగిలింది.

మా వారు రైల్లో ముందే వచ్చి, స్టేషను దగ్గర హోటలు ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ఆయన కళ్ళు ముందు పోయింది నా మోకాళ్ళ మీదికి.

"ఎట్ల ఉండాయి?"

"తొడలు పీకతా ఉండాయి. మోకాళ్ళు ఏమీ అనడం లేదు."

ఆయన నా హెల్మెట్టు తీసుకుని చంకలో పెట్టుకున్నారు. హోటల్లో సర్వరు వస్తే, "మా ఆమె పాకాల నించి సైకిల్లో వచ్చినాది, వేడివేడిగా తే అబ్బా" అన్నారు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు. ఆయన కావాలనే గట్టిగా చెప్పారని నాకు తెలుసు. పెద్దాయన నాలుగు ఇడ్లీలు తిని, కారం దోసె చెప్పి, అది వచ్చేలోపు నా రెండో వడ కూడా తిన్నాడు.

తిని బయటికొచ్చాక, నా కాళ్ళు మళ్ళీ పాకాల వైపు తిరుగుదామన్నాయి. నిజంగానే అన్నాయి. అంత ఊపు మీద ఉన్నాను. "తొక్కుకుంటా పోదామా తాతా?" అన్నాను.

"నీకేం పిచ్చా తల్లీ?" అన్నాడాయన. "వచ్చిన దూరమే నీకు కొత్త. మోకాళ్ళు బాగుండాయి కదా అని ఈ రోజే అంతా వాడేసుకుంటావా? రేపటికి కొంచెం మిగిలించుకోవాల."

లగేజీ ఆటో మాట్లాడుకుని రెండు సైకిళ్ళూ పడుకోబెట్టాం. మా వారు వద్దన్నా వినకుండా నేనూ పెద్దాయనా వెనకే, సైకిళ్ళ పక్కన, గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. కాళ్ళు బార్లా చాపుకున్నాం. చంద్రగిరి కోట వెనక్కి పోతుంటే, ఆయన తను ఉత్తరాలు మోసిన ఐరాల వైపు పల్లెల పేర్లు ఒక్కొక్కటే వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఊరికి ఏ పక్క నుంచి పోవాలి, ఏ మిట్ట దగ్గర సైకిలు దిగాలి, ఏ ఊళ్ళో మజ్జిగ ఇచ్చేవాళ్ళు. నేను ఫోను తీసి అన్నీ రాసుకున్నాను. ఆదివారాలు ఇంకా చాలా ఉన్నాయి.